గ్రీకు – మలయాళం : ఒక పోలిక, ఒక ఆలోచన

గ్రీకు భాషకూ మలయాళానికీ పోలిక ఏమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. ఒకటి మధ్యధరా సముద్ర తీరాన, హోమరు కాలానికి ముందు నుండి నేటి వరకు తెగకుండా వినవస్తున్న భాష. మరొకటి పడమటి కనుమలకూ అరేబియా సముద్రానికీ నడుమ, ప్రాచీన తమిళపు పడమటి మాండలికం నుండి క్రమంగా విడివడి స్వతంత్రత పొందిన భాష. గ్రీకు ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందినది. మలయాళం ద్రావిడ కుటుంబానికి చెందినది. వీటి నడుమ రక్తసంబంధం లేదు. అయినా ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలిపి చూడాలనే కోరిక నాకు కలగడానికి కారణం మా ఇల్లే.

మా ఇంట్లో మాట ఉర్దూ. గడప దాటితే తెలుగు. చిన్ననాటి నుండి రెండు ప్రశ్నలు నన్ను వెన్నంటి వస్తున్నాయి. తెలుగు సాహిత్యం చదువుతున్నానని తెలిసిన బంధువులు "మన జబాన్ ఉండగా అదెందుకు బేటా?" అంటారు. నా వ్యాసం విన్న మిత్రులు మెచ్చుకుంటూనే "మీవాళ్లకు ఇంత తెలుగు ఎలా వచ్చింది?" అంటారు. ఇరువురి మాటలోనూ ప్రేమే ఉన్నది. కాని ఇరువురూ భాషను ఒక మతం పేర వ్రాసి ఇచ్చిన ఆస్తిగా భావిస్తున్నారు. భాషాశాస్త్ర దృష్టితో చూస్తే ఉర్దూ గ్రీకుకు దూరపు బంధువు. తెలుగు మలయాళానికి తోబుట్టువు. కనుక ఆ రెండింటినీ పోల్చడమంటే, నా ఇంటి రెండు భాషలనూ కొంచెం ఎడంగా నిలబడి చూడడమే. గ్రీకు వ్యాకరణం గ్రంథాలయంలో దొరికినది. మలయాళం మాటలు మా వీధిలో నివసించే కేరళ నర్సమ్మగారిని అడిగి తెలుసుకున్నాను.

మొదట బంధుత్వపు గుర్తులు చూద్దాం. గ్రీకులో రెండును 'దియో' అంటారు, మూడును 'త్రిస్' అంటారు. ఉర్దూలో దో, తీన్. గ్రీకులో ఏడు 'ఎప్తా', పారశీకంలో 'హఫ్త్'. మనం వారానికి వాడే 'హఫ్తా' దాని నుండి వచ్చినదే. పేరుకు గ్రీకు మాట 'ఒనొమ', ఉర్దూలో నామ్. ఇక మలయాళం వైపు తిరిగితే కణ్ణు, చెవి, ఊరు, మూన్ను అనే మాటలకు తెలుగువానికి నిఘంటువే అక్కరలేదు.

అయితే వ్యాకరణంలోకి దిగగానే ఈ చుట్టరికపు లెక్కలు కొంత తారుమారవుతాయి. గ్రీకువాడు 'గ్రాఫో' అంటే వ్రాస్తున్నాను, 'గ్రాఫిస్' అంటే వ్రాస్తున్నావు, 'గ్రాఫి' అంటే వ్రాస్తున్నాడు అని అర్థం. తెలుగులో వలెనే క్రియ చివర చూస్తే కర్త ఎవరో తెలిసిపోతుంది. నేను, నీవు అని వేరుగా చెప్పనక్కరలేదు. మన తోబుట్టువైన మలయాళంలో మాత్రం 'ఞాన్ ఎళుతున్ను, నీ ఎళుతున్ను, అవన్ ఎళుతున్ను' – ముగ్గురికీ ఒకటే క్రియ. ఒకప్పుడు ఆ భాషలోనూ ఉన్న ప్రత్యయాలు కాలక్రమంలో జారిపోయాయి. అతడు వచ్చినా ఆమె వచ్చినా మలయాళంలో 'వన్ను' అనే మాటే. గ్రీకులో ప్రాణం లేని వస్తువులకు కూడ లింగభేదం ఉన్నది: తలుపు స్త్రీలింగం, పుస్తకం నపుంసకలింగం. ఉర్దూలో కుర్సీ స్త్రీలింగం, దర్వాజా పుంలింగం కావడం ఇటువంటిదే. అంతేగాక, తెలుగు నేలపై వందల ఏండ్లు వినిపించిన మా దక్కనీ మాట తన వాక్యాన్నే మార్చుకున్నది. 'వస్తానని చెప్పాడు' అనే చోట 'ఆతూఁ బోల్‌కే బోలా' అంటాం. ఆ 'బోల్‌కే' మన తెలుగు 'అని'కి చేసిన అచ్చు. పుట్టుక ఒక బంధుత్వమైతే ఇరుగుపొరుగు మరొక బంధుత్వమని దీనివల్ల తెలుస్తున్నది.

గ్రీకు, మలయాళ దేశాలకు ఇరుగుపొరుగుతనం లేకపోయినా సముద్రం కలిపినది. క్రీ.శ. 1వ శతాబ్దిలో గ్రీకు భాషలో వ్రాసిన 'ఎరిత్రియన్ సముద్ర యాత్రాగ్రంథం' కేరళ తీరంలోని ముజిరిస్ రేవును, అక్కడి మిరియాల వ్యాపారాన్ని వర్ణించినది. నేడు వియన్నాలో ఉన్న 2వ శతాబ్దపు గ్రీకు పత్రమొకటి ముజిరిస్ వర్తకానికి తీసుకున్న అప్పు ఒడంబడికను, 'హెర్మపోలోన్' అనే ఓడకు ఎత్తిన సరుకును తెలుపుతున్నది. సరుకుతో మాటలూ ఓడ ఎక్కాయి. మన పిప్పలి గ్రీకులో 'పెపెరి' అయినది. అల్లాన్ని గ్రీకులు 'జింగిబెరిస్' అన్నారు. అరబ్బీలో అదే 'జంజబీల్'. బదులుగా వచ్చినవీ తక్కువ కాదు. కేంద్రం గ్రీకు 'కెంత్రోన్', సొరంగం గ్రీకు 'సిరింక్స్'. రెల్లుకు గ్రీకు పేరైన 'కలమోస్' అరబ్బీలో 'ఖలమ్' అయి, ఉర్దూ మీదుగా తెలుగువాని చేతిలో కలం అయినది. ఏ మాటకూ ఎవరూ జామీను అడుగలేదు.

ఇంత ఉదారంగా ఇచ్చి పుచ్చుకున్న గ్రీకు భాష స్వగృహంలో మాత్రం పెద్ద కలహాన్ని చూచినది. 1821లో స్వాతంత్ర్య సమరం మొదలైన తరువాత ఏర్పడిన కొత్త రాజ్యంలో, పూర్వపు వైభవాన్ని తలపించే 'కథారెవుసా' అనే గ్రాంథిక భాష అధికారం పొందినది. ప్రజల నోటి మాట 'దిమోతికి' తక్కువదిగా చూడబడినది. 1901లో సువార్తలను జనభాషలో ప్రచురించినందుకు ఏథెన్సు వీథులలో అల్లర్లు చెలరేగి ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. 1967 నుండి 1974 వరకు సాగిన సైనిక పాలన గ్రాంథికాన్నే నెత్తిన పెట్టుకున్నది. చివరకు 1976లో జనభాష విద్యకు, పాలనకు భాష అయినది. గిడుగు రామమూర్తి పంతులుగారి వ్యావహారిక భాషోద్యమం తెలిసిన మనకు ఈ కథ కొత్తగా తోచదు.

మలయాళం సంస్కృతాన్ని తనతో మేళవించి 'మణిప్రవాళం' అనే శైలిని కల్పించుకున్నది. 16వ శతాబ్దిలో ఎళుత్తచ్ఛన్ రామాయణాన్ని కిళిప్పాట్టుగా వ్రాసి భాషకు స్థిరరూపం ఇచ్చాడు. 1872లో ఆ భాషకు గొప్ప నిఘంటువు కూర్చినవాడు హెర్మన్ గుండెర్ట్ అనే జర్మన్ మతబోధకుడు. 20వ శతాబ్దిలో వైకోం ముహమ్మద్ బషీర్ తన ఇంటి ముస్లిం స్త్రీలు మాట్లాడే మాటను అట్లాగే కథలలో నిలిపితే, కేరళమంతా అది తన భాషేనని గుండెకు హత్తుకున్నది.

ఇక్కడే నా ప్రశ్నకు సమాధానం కనిపించినది. కోళిక్కోడు ఖాజీ ముహమ్మద్ 1607లో 'ముహియిద్దీన్ మాల' అనే కావ్యం రచించారు. లిపి అరబ్బీ, భాష మలయాళం. అట్లాగే క్రీటు ద్వీపపు ముస్లిములు గ్రీకు మాట్లాడేవారు. గ్రీకును అరబ్బీ లిపిలో వ్రాసిన ముస్లిములూ ఉన్నారు. అనతోలియాలోని కొందరు క్రైస్తవులు తుర్కీ మాట్లాడి దానిని గ్రీకు లిపిలో వ్రాశారు. 1923లో గ్రీసు, తుర్కీ దేశాలు ప్రజలను మార్చుకున్నప్పుడు భాషను చూడలేదు, మతాన్నే చూచాయి. పది లక్షలకు పైగా క్రైస్తవులు ఒకవైపు, మూడు లక్షలకు పైగా ముస్లిములు మరొకవైపు కదిలారు. గ్రీకు తప్ప వేరు భాష రాని ముస్లిం తుర్కీకి పోయి పరాయివాడైనాడు. తుర్కీ తప్ప వేరు భాష రాని క్రైస్తవుడు గ్రీసుకు పోయి పరాయివాడైనాడు. భాషకు మతం అంటగట్టితే మనిషికి కలిగే నష్టం ఎంతటిదో దీనిని మించి చెప్పే దృష్టాంతం నాకు తెలియదు. కేరళలో అటువంటి దుర్గతి పట్టలేదు. హిందువు, ముస్లిం, క్రైస్తవుడు ముగ్గురూ ఆ భాషకు వారసులుగానే మిగిలారు.

మన నేల చరిత్రా ఈ మాటనే చెబుతున్నది. అచ్చ తెలుగులో తొలి కావ్యమైన 'యయాతి చరిత్ర'ను పొన్నికంటి తెలగన్న గోలకొండ రాజ్యపు అమీన్ ఖానునకు అంకితమిచ్చాడు. పిఠాపురపు ఉమర్ అలీషా తెలుగు కవిగా కీర్తి గడించారు.

గ్రీకులో 'ఎమిస్', ఉర్దూలో 'హమ్' – ఒక్కటే మాట. మలయాళంలో మాత్రం 'ఞంగళ్' వేరు, 'నమ్మళ్' వేరు. తెలుగులో 'మేము' వేరు, 'మనము' వేరు. ఎదుటివానిని విడిచిపెట్టేది ఒకటి, కలుపుకొనేది మరొకటి. ఈ భేదాన్ని నేర్పిన భాషలో చదువుకుంటున్న మనం, ఏ చోట ఏ మాట వాడాలో ఎరిగి ఉండాలి.

సోదర విద్యార్థులారా, ఈ సంచికలో ఉర్దూ పుటలు కుడి నుండి, తెలుగు పుటలు ఎడమ నుండి మొదలై నడుమ కలుస్తాయి. అటు వారు ఇటు, ఇటు వారు అటు చదవగలిగిన నాడు ఆ కలయిక సార్థకమవుతుంది. జిల్లా, వకీలు, హాజరు, బాకీ, రద్దు వంటి మాటలు ఉర్దూలో, తెలుగులో, మలయాళంలో కూడ వాడుకలో ఉన్నాయి. ఇటువంటి ఉమ్మడి మాటలను విద్యార్థులమే ఇంటింటా అడిగి సేకరిస్తే, రాబోయే సంచికలో రెండు లిపులలోనూ ప్రచురించవలసిందిగా కళాశాల కమిటీ వారిని సవినయంగా కోరుతున్నాను. మొదటి నూరు మాటలు మా ఇంటి నుండి నేను తెస్తాను.