పట్టికలో లేని గడి

పందెం ముగిసిన మరునాడు పత్రికలలో రెండు జాబితాలు తప్పక కనిపిస్తాయి. రాణించినవారెవరు, నిరాశపరచినవారెవరు అన్నవి వాటి శీర్షికలు. క్రికెట్టయినా, గుర్రప్పందెమయినా, కారు పందెమయినా ఈ ఆచారానికి లోటు లేదు. గంటల తరబడి సాగిన పోరాటం రెండు వరుసలలో ఇమిడిపోతుంది కనుక చదివేవారికీ సుఖమే. అమెరికాలో ‘స్టాక్ కార్’ పందేలని ప్రసిద్ధికెక్కినవాటి విషయంలో ఈ జాబితాలకు మరీ గిరాకీ. అంగడిలో అమ్మే కార్ల వంటివాటినే పరుగెత్తించాలన్నది ఆ పందేలకు మూలసూత్రం. బండ్లన్నీ ఒకే తీరువయితే ఇక మిగిలిన తేడా అంతా తోలేవానిదేనన్నది అందులోని తర్కం. వినడానికి అది ఎంతో న్యాయంగా తోస్తుంది. అయితే ఆ న్యాయం ఎక్కడ దాకా నిలుస్తుందో పరీక్షించే అవకాశం నాకు పందెపు బాటకు బహుదూరంలో, మగ్గాల మధ్య లభించింది.

నేను ఆంగ్ల సాహిత్యం చదువుకున్నదాన్ని. అనువాదం నా జీవనోపాధి. మావారి ఉద్యోగరీత్యా సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలోని జోల్వాకు వచ్చి స్థిరపడ్డాము. ఒకప్పుడు పల్లెటూరే గాని, ఇప్పుడు బట్టల మిల్లులు, మరమగ్గాల షెడ్లు దాన్ని చుట్టుముట్టాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి నేతపని వెదుక్కుంటూ సూరత్ చేరిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతున్నదంటే వారి సంఖ్యను ఊహించుకోవచ్చు. షేక్‌స్పియర్‌తో ఆరంభమయిన నా చదువు ఇక్కడ యంత్రాల వాడక సూచనలకు, మిల్లు ప్రకటనలకు, నేతవారి ఉత్తరాలకు అక్కరకు వచ్చింది. అందుకు నాకేమీ చింత లేదు. కావ్యంలో ఒక మాట తప్పితే రసం చెడుతుంది. మిల్లు ప్రకటనలో ఒక మాట తప్పితే ఒక ఇంటి పొయ్యి చల్లబడుతుంది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో విద్యుత్ కార్ల ప్రపంచ పోటీ, ‘ఫార్ములా ఇ’ పందెం జరిగింది. 2013లో జరిగిన ఇండియన్ గ్రాండ్ ప్రీ తరువాత మన దేశంలో ప్రపంచ స్థాయి కారు పందెం జరగడం అదే మొదలు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సచివాలయం చెంతన, మన బస్సులూ ఆటోలూ తిరిగే వీధులలోనే బాట వేశారు. ఇవి స్టాక్ కార్లు కావు. అయినా తర్కం ఒకటే: 22 కార్లకూ ఒకే చట్రం, ఒకే బ్యాటరీ. మోటారు వంటి కొన్ని భాగాలు మాత్రమే ఏ జట్టువి ఆ జట్టువి. సొంత గడ్డ మీది పందెమని జోల్వాలోని నేతవారు సైతం మగ్గాల రొద మధ్య చేతిఫోనుల్లో దాన్ని చూశారు.

ఆనాడు రాణించినవారిలో మొదటి పేరు ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్‌ది. అతని వెనుకనే తరుముతూ వచ్చిన న్యూజిలాండ్ వాసి నిక్ కాసిడీ బ్యాటరీలో ఎక్కువ శక్తి మిగిలి ఉన్నది. విద్యుత్ పందెంలో వేగమొక్కటే చాలదు, పొదుపు కూడా కావాలి. ఉన్న కొద్దిపాటి శక్తినీ గింజ గింజగా ఖర్చు చేస్తూ, ఏ మలుపులోనూ దారి ఇవ్వకుండా, అర సెకను కంటే తక్కువ తేడాతో వెర్న్ గెలిచాడు. సాధనలో ప్రమాదానికి లోనయిన పాస్కల్ వేర్లైన్ నాలుగవ స్థానంలో నిలవడమూ సామాన్యం కాదు.

ఇక నిరాశపరచినవారి వరుస. జాగ్వార్ జట్టుకు చెందిన మిచ్ ఎవాన్స్ అందరికంటే ముందు నుంచి పందెం ఆరంభించాడు. కొంత దూరం పోయాక ఒక ఇరుకు మలుపులో వెనుక నుంచి వచ్చి ఢీకొట్టినవాడు మరో జట్టువాడు కాదు, తన జట్టులోని శామ్ బర్డే. ఇద్దరి పందెమూ అక్కడితో సరి. స్విట్జర్లాండుకు చెందిన సెబాస్టియన్ బ్యూమీ మూడవవాడుగా గీత దాటాడు గాని, నియమిత పరిమితికి మించి విద్యుచ్ఛక్తి వాడినందుకు శిక్ష పడి అడుగుకు జారిపోయాడు. ఆ మూడవ స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టాకు దక్కింది.

ఫలితాల పట్టికలో ఎవాన్స్, బర్డ్ ఇద్దరి పేర్ల పక్కన ఉన్న మాట ఒకటే: పూర్తి చేయలేదు. మా వీధిలో ఉండే సిరిసిల్ల నేతకారుడొకరు దాన్ని చూసి నన్నడిగారు: “అక్కా, ఎనకటోడు గుద్దితే ముందటోడు ఏం జేస్తడు? గని కాయితంల ఇద్దరి పేర్లు ఒక్కతీర్గనే రాసిన్రు గదా!”

ఆ ప్రశ్న చిన్నదేమీ కాదు. స్టాక్ కార్ పందేల చరిత్రలోనూ ఆ ప్రశ్న ఎదురయింది. 1949 జూన్‌లో షార్లెట్ నగరంలో జరిగిన పందెంలో గ్లెన్ డనవే ముందుగా గీత దాటాడు. కారు వెనుక స్ప్రింగులను మార్చి ఉన్నారని తనిఖీలో తేలి, విజయం జిమ్ రోపర్‌కు పోయింది. డనవే ఆ కారుకు యజమాని కాదు. కారు ఒకరిది, పోయిన పేరు మరొకరిది.

ఇంతకంటే బాధాకరమయినది వెండెల్ స్కాట్ కథ. ఆయన నల్లజాతివాడు, తన కారును తానే బాగుచేసుకొని తానే నడిపేవాడు. 1963 డిసెంబరు 1న ఫ్లారిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్‌లో ఆయన అందరినీ రెండు చుట్లు వెనుక వేసి గెలిచాడు. అధికారులు మాత్రం బక్ బేకర్‌ను విజేతగా ప్రకటించి బహుమతి పాత్ర చేతికిచ్చారు. ప్రేక్షకులు ఇళ్ళకు చేరిన తరువాత గాని గెలిచినది స్కాట్ అని ఒప్పుకోలేదు. ఆయన 1990లో కన్నుమూశాడు. అసలు పాత్ర ఆయన కుటుంబానికి అందినది 2021లో. 495 పందేలు, ఒకే ఒక్క విజయం: పట్టిక మాత్రమే చూసేవారు ఆయనను ఏ వరుసలో చేరుస్తారో చెప్పనక్కరలేదు.

పట్టిక కొన్నిసార్లు హెచ్చుగానూ చూపుతుంది. కోయంబత్తూరు వాడయిన నారాయణ్ కార్తికేయన్ 2005లో అమెరికాలో జరిగిన ఫార్ములా వన్ పందెంలో నాలుగవవాడయ్యాడు. ఆనాడు టైర్ల వివాదం వల్ల 14 కార్లు తప్పుకోగా పరుగెత్తినవి ఆరే. అదే కార్తికేయన్ 2010లో మార్టిన్స్‌విల్‌లో స్టాక్ కార్ సంస్థ నాస్కార్ వారి ట్రక్కుల పందెంలో తొలిసారి పాల్గొని 13వ స్థానంలో నిలిచాడు. అలవాటు లేని బండి, అలవాటు లేని బాట. నన్నడిగితే ఆ నాలుగు కంటే ఈ పదమూడే బరువయిన అంకె.

ఇదంతా పందెపు ముచ్చట అయితే ఇక్కడితో ఆపేదాన్ని. ఆ సంవత్సరమే ఒక మిల్లు నుంచి నాకు ఒక కాగితం వచ్చింది. నేతవారి నెలసరి పనిని రెండు వరుసలుగా విభజించి గోడకు అంటించే ప్రకటన అది. దాన్ని తెలుగు చేయాలి. రెండవ వరుస శీర్షిక ‘డిసప్పాయింటింగ్ పెర్ఫార్మెన్స్’. వరుసగా మూడు నెలలు అందులో ఉన్నవారికి సగం సాంచాలు తీసివేస్తామని కింద రాశారు. సాంచాలంటే సిరిసిల్ల వారి వాడుకలో మరమగ్గాలు. నేతకు కూలి మీటరు లెక్కన. సాంచాలు సగమయితే కూలీ సగమే. నన్ను ప్రశ్నించిన ఆ నేతకారుని పేరు అప్పటికే రెండు నెలలుగా ఆ వరుసలో ఉన్నది.

మాట దగ్గర నా కలం ఆగింది. ఆంగ్లంలో ఆ విశేషణం పనిని అంటిపెట్టుకొని ఉంటుంది. మనిషి దానికి కాస్త ఎడంగా నిలబడతాడు. తెలుగులో ‘నిరాశపరచినవారు’ అనగానే మనిషే కర్త అయిపోతాడు, నేరం మోపినట్లే ఉంటుంది. అసలు ఆశ ఎవరిది? అది దేని మీద పెట్టుకున్నది? ఆలోచించి, ‘ఈ నెల తక్కువ బట్ట దిగిన సాంచాలు’ అని రాశాను. ఆ సంగతి సూపర్వైజరుకు హిందీలో విడమరచి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “సరే బహెన్, మేము కొలిచేది బట్టనే కదా!” అన్నారు.

మాట మారినందువల్ల ప్రశ్న కూడా మారింది. బట్ట ఎందుకు తగ్గింది? ఆ నేతకారుడు సాంచా ఆగినప్పుడల్లా బీడీకట్ట కాగితం మీద ఒక గీత గీసి, కారణం పొడి అక్షరాలలో రాసుకున్నారు: పడుగు పోగు తెగింది, పేక అయిపోయింది, కరెంటు పోయింది. వాటిని నేను హిందీలో వరుసగా రాసి ఇచ్చాను. గీతలలో చాలా భాగం పడుగు తెగినవే. అవీ రెండు సాంచాల మీదనే. ఆ రెంటికీ ఎక్కించిన భీములు ఒకే రకం నూలువి. ఒక సాంచా ఆగితే ముడి వేయడానికి మనిషి అక్కడికి పోవాలి; ఆలోగా మరొకటి ఆగితే చూసేవారుండరు. సూపర్వైజరు వివేకవంతులు. అదే నూలు భీమును మరుసటి నెల మొదటి వరుసలోని పనివాని సాంచాకు ఎక్కించి చూశారు. అతనికీ మీటర్లు పడిపోయాయి.

ఆ తరువాత గోడ మీది కాగితంలో చేతిరాతతో మూడవ గడి ఒకటి వెలిసింది: సాంచా ఆగిన కారణం. ఆ నేతకారుని సాంచాలు ఆయన దగ్గరే ఉండిపోయాయి. ఆ మూడవ గడి అందరినీ కాపాడలేదు సుమా! ఏ కారణమూ లేకుండా బట్ట తగ్గించినవారిద్దరు అందులో స్పష్టంగా బయటపడ్డారు. అదీ మంచిదే.

కనుక జాబితాలు వేయవద్దని నేననను. వెర్న్ నేర్పు నేర్పే, దాన్ని మెచ్చుకోవాలి. బ్యూమీకి పడిన శిక్ష నియమం ప్రకారం పడినదే. మంచి పనికీ చెడ్డ పనికీ తేడా లేదనడం కష్టపడేవారికి చేసే అన్యాయం. కాని బండ్లన్నీ ఒకటే, మగ్గాలన్నీ ఒకటే అని ముందుగా నమ్మి ఆ పైన మనుషులను తూచడం తీర్పు అనిపించుకోదు. స్కాట్ రెండు చుట్లు ముందున్నా లెక్క రాసేవారి కంట పడలేదంటే లోపం లెక్కలో ఉన్నది గాని పరుగులో లేదు.

హైదరాబాదులో 2024లో జరగవలసిన పందెం రద్దయింది. ఆనాటి మలుపు మామూలు వీధి అయి, ఎవాన్స్ ఎక్కడ ఆగాడో చెప్పే గుర్తు కూడా మిగలలేదు. పట్టిక మాత్రం మిగిలే ఉన్నది. మనమెరిగినవారి పేర్లూ ఏదో ఒక పట్టికలో ఉంటాయి: బడిలో పిల్లవాని మార్కులు, కార్యాలయంలో ఉద్యోగి యోగ్యత, ఇంట్లో కోడలి పనితనం. వాటిని చదివేటప్పుడు, ఎవరు ఆగారన్న గడి పక్కనే ఎందుకు ఆగారన్న గడి కోసం కూడా వెదకడం మన విధి. అది లేకపోతే గీసుకోవడానికి ఒక కలం చాలు.