రావణుడి రంగు

మా యింట్లో నెలకొక ఆదివారం పిల్లల సభ జరుగుతుంది. సభ అంటే పెద్ద మాటే. కౌలాలంపూర్ చుట్టుపక్కల వున్న మన తెలుగు కుటుంబాల పిల్లలు పది పన్నెండుమంది పెటాలింగ్ జయాలోని మా యింటికి చేరతారు. ఒక తెలుగు సినిమా చూస్తారు. జంతికలు, మైలో అయిపోయేదాకా దానిమీద వాదించుకుంటారు. నాలుగు తెలుగు ముక్కలు చెవిన పడతాయని మేమిద్దరం చేసిన ఏర్పాటు యిది. వాదన సగం ఇంగ్లీషులో, పావు మలయ్‌లో సాగుతుంది. మిగిలిన పావు తెలుగే మాకు లాభం.

మొన్నటి సభలో ‘హనుమాన్’ వేశాము. ప్రశాంత్ వర్మ తీసిన ఈ చిత్రం 2024 సంక్రాంతికి విడుదలయింది. అంజనాద్రి అనే పల్లెలో పనీపాటా లేకుండా తిరిగే కుర్రవాడికి ఒక మణి దొరికి, ఆంజనేయుడి బలం వస్తుంది. విలన్ మైఖేల్‌కు చిన్నప్పటినుంచీ సూపర్ హీరో కావాలని పిచ్చి. సూపర్ హీరోలకు అమ్మానాన్నలు వుండరని, తన అమ్మానాన్నలనే చంపుకుంటాడు.

సినిమా అవగానే సభ మొదలయింది. ఫారం 3 చదివే అమ్మాయి తీర్పు చెప్పేసింది: “బలం అడగనివాడికి దొరికింది, అడిగినవాడికి దొరకలేదు. అడగడమే వాడి తప్పు.” ఇంకొకడు ఒప్పుకోలేదు. “మరి రావణుడు తపస్సు చేసి అడిగాడుగా, ఆయనకు యిచ్చారుగా?” అన్నాడు. మాకు ముచ్చటేసింది. వేరొకడు 2006లో వచ్చిన మలయ్ సినిమా ‘చిచాక్‌మ్యాన్’ ఎత్తుకున్నాడు. అందులో హీరోకు బల్లి శక్తి వస్తుంది, విలన్ ప్రొఫెసర్ క్లోన్ అనే శాస్త్రజ్ఞుడు. విలన్లందరూ బాగా చదువుకున్నవాళ్లే ఎందుకవుతారని వాడి అనుమానం. ఇంజనీర్లు, డాక్టర్లు అయిన తల్లిదండ్రులు దీనికి జవాబు చెప్పుకోవాలి.

అక్కణ్ణుంచి మాట ‘బాహుబలి’కి పోయింది. 2015లో వచ్చిన మొదటి భాగంలోని కాలకేయుల కిలికి భాషను మన పిల్లలు తెలుగుకంటె చక్కగా పలుకుతారు. ఒళ్లంతా నల్లరంగుతో వుండే ఆ సైన్యాన్ని అనుకరిస్తూ అందరూ సోఫాలెక్కి గంతులు వేస్తున్నారు. ఒక్క పిల్లవాడు మాత్రం కదలలేదు. పదమూడేళ్లవాడు. ఒడ్డూ పొడుగూ వున్నవాడు, కంఠం ఖంగుమంటుంది.

“ఆంటీ, నాకెప్పుడూ రాక్షసుడి వేషమే ఎందుకిస్తారు?” అన్నాడు.

మూడేళ్లుగా మన ఉగాది నాటకాలకు పాత్రలు పంచుతున్నది మేమే. మొదటి ఏడు వాడు బకాసురుడు, మరుసటి ఏడు హిరణ్యకశిపుడు, ఈసారి ‘సీతాపహరణం’లో రావణుడు. “నీ గొంతు బాగుంటుంది నాన్నా, అందుకని” అన్నాము. వాడు నేల చూపులు చూస్తూ, “గొంతు కాదంకుల్. పోయిన ఏడు నా మొహానికి నల్లరంగు పూశారు. నేను ముందే నల్లగా వున్నానుగా, మళ్లీ ఎందుకు పూశారు?” అన్నాడు.

సోఫాల మీద గంతులు ఆగిపోయాయి. మా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పాత ఫోటోలు తీసి చూసుకున్నాము. రెండేళ్ల క్రితం నాటకంలో విష్ణుమూర్తి ఎవరు? పచ్చని పసిమి ఛాయవాడు. వాడికి శ్రద్ధగా నీలం రంగు పూశాము. నీలమేఘశ్యాముడని చదువుకున్నాము, కృష్ణుడంటేనే నలుపని తెలుసు, ద్రౌపదికీ కృష్ణ అనే పేరున్నది. అయినా దేవుడి వేషానికి తెల్లని పిల్లవాణ్ణి వెతికి రంగు పులిమాము. పులమక్కరలేని పిల్లవాణ్ణి పక్కనే పెట్టుకుని రాక్షసుణ్ణి చేశాము. ఇది ఎవరూ మాకు నేర్పలేదు. మేము ఆలోచించనూ లేదు. తప్పు అక్కడే వున్నది.

మనం చూసి పెరిగిన విలన్లు ఎలాంటివాళ్లు? ‘నర్తనశాల’ (1963) నలుపు తెలుపుల సినిమా. ఎస్వీ రంగారావుగారి కీచకుడు భయపెట్టింది రంగుతో కాదు, నడకతో, కనుబొమతో, మాట విరుపుతో. ఆ పాత్రకే మనకు పొరుగున వున్న జకార్తాలో, ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో, ఆయనకు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఎన్టీ రామారావుగారు ‘భూకైలాస్’ (1958), ‘సీతారామ కల్యాణం’ (1961) చిత్రాల్లో రావణుడు. 1977లో ‘దానవీరశూరకర్ణ’లో కృష్ణుడూ ఆయనే, దుర్యోధనుడూ ఆయనే. ఒకే ముఖంలో దేవుణ్ణీ చూశాము, దుర్మార్గుణ్ణీ చూశాము.

ఈ దేశంలోనూ రావణుడికి తక్కువ గౌరవమేమీ లేదు. మలయ్ భాషలోని ‘హికాయత్ సెరి రామ’లో రావణుడు తలకిందులుగా వేలాడి తపస్సు చేస్తాడు. ఆదం ప్రవక్త మధ్యవర్తిగా నిలిచి, ధర్మంగా పాలించాలనే షరతుమీద రాజ్యాలు యిప్పిస్తాడు. మాట తప్పాడు గనుక చెడ్డాడు. పొరుగునున్న థాయిలాండు ఖోన్ నాటకంలో రాముడి ముఖమూ పచ్చనే, రావణుడి ముఖమూ పచ్చనే. చూసేవాళ్లు వాళ్ల పనుల్నిబట్టే మంచీ చెడ్డా తేల్చుకుంటారు.

మర్నాడు ఆ పిల్లవాడి తల్లికి ఫోను చేసి తప్పయిందన్నాము. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత, “రెండేళ్లుగా వాడు యింట్లో అంటూనే వున్నాడు వదినా. స్కూల్లోనూ యిదే గోల. మీరు నొచ్చుకుంటారని మేమే ఊరుకున్నాము” అన్నది. పరాయి దేశంలో మనవాళ్లు అంటూ మిగిలేది ఈ నాలుగు కుటుంబాలే. మన దగ్గరికి వస్తేనైనా పిల్లవాడికి ఆ బాధ తప్పాలి. తప్పించకపోగా మేము దాని మీద రంగు కూడా పూశాము.

నాటకానికి పాత్రలు మళ్లీ పంచాము. ఈసారి చీట్లు వేశాము. “జనం నవ్వుతారేమో” అని ఒకరిద్దరు పెద్దలు సందేహించారు. నవ్వితే నవ్వనీ అన్నాము. రాముడి చీటీ ఫారం 3 అమ్మాయికి వచ్చింది. మనవాడికి జటాయువు వచ్చింది. రెక్కలున్నందుకు సంతోషించాడు. రావణుడి చీటీ పోయినసారి విష్ణుమూర్తి వేసిన పసిమి ఛాయ పిల్లవాడికి వచ్చింది. వాడికి రావణుడి నవ్వు ఎంతకూ రావడంలేదు, తుమ్మినట్లు వస్తున్నది.

పోయిన శనివారం రిహార్సల్లో చూశాము. మన జటాయువు వాణ్ణి వరండాలోకి తీసుకుపోయి, “పొట్టలోంచి తియ్యాలిరా” అని నేర్పుతున్నాడు. ఇద్దరూ కలిసి నవ్విన నవ్వుకు ఎదురింటి చీనా ముసలమ్మగారు తలుపు తీసి తొంగిచూశారు.

ఉగాదికి అందరూ సకుటుంబంగా రండి. కిరీటాలకు అట్టముక్కలు, రెక్కలకు పాత చీరలు వుంటే పంపండి. రంగులు మాత్రం వద్దు.