కొండ దిగే బండి

విశాఖపట్నంలో సముద్రం చూసినవారికి మర్నాడు అరకులోయ చూడాలనిపించడం సహజం. సుమారు 115 కిలోమీటర్ల దారి. శృంగవరపుకోట దాటాక ఘాటురోడ్డు మొదలవుతుంది. అనంతగిరి కాఫీతోటలు, బొర్రాగుహలకు చీలే దారి, గాలికొండ మలుపులు - కన్నులపండుగే.

ఎక్కేటప్పుడు కష్టమంతా ఇంజనుది. దాని రొద విని అందరూ జాలిపడతారు. దిగేటప్పుడు భారమంతా మోసే బ్రేకుల గోడు మాత్రం ఎవరికీ పట్టదు. ఈ కొండల్లోనే బైలడిల్లా ఇనుపరాయి నింపుకున్న గూడ్సురైళ్ళు రేవుకు దిగివస్తాయి. ఇంజను ఎంత గట్టిదైనా అక్కడ పరీక్ష బ్రేకులకే.

మరి మన కారు సంగతి? బీచిరోడ్డు పక్కన రాత్రంతా నిలిపిన కారు తెల్లవారి నాలుగైదుసార్లు బ్రేకు తొక్కితే గరగరమంటుంది. అది ఉప్పుగాలికి పట్టిన పలుచని తుప్పు. రెండు వీధులు తిరిగేసరికి పోతుంది. మద్దిలపాలెం చేరినా ఆ గరగర పోలేదంటే లైనింగు అరిగి ఇనుము ఇనుమును కొరుకుతున్నదన్నమాట. బ్రేకు తొక్కినప్పుడల్లా బండి ఒకపక్కకు లాగినా ఉపేక్షించరాదు.

బ్రేకునూనె ఇంకా గడుసుది. గాలిలో తేమను మెల్లమెల్లగా పీల్చుకుంటుంది. ఈ తీరాన తేమకు కరువా! తేమ చేరిన నూనె తక్కువ వేడికే మరుగుతుంది. ఊళ్ళో ఏమీ తెలియదు. ఘాటులో మలుపు మలుపునా తొక్కుతూ దిగితే లోపల ఆవిరి బుడగలు లేచి, పెడలు మెత్తగా అడుగుదాకా పోతుంది. చాలా కార్లకు రెండేళ్ళకొకసారి ఆ నూనె మార్చమనడం ఇందుకే.

1933లో తెరిచిన ఓడరేవువైపు వెళ్తే ట్రెయిలరు లారీలు కనిపిస్తాయి. వెనకబండి బ్రేకులు మందగిస్తే ముందుది ఆగబోయినా వెనకది ఆగదు, వీపున తోస్తుంది. కారుకు తగిలించి లాక్కుపోయే కారవాన్ ఇంటిబండికీ ఇదే లెక్క: ఆగేటప్పుడు వెనకనుంచి కుదుపు వచ్చిందంటే దాని బ్రేకులు చూపించవలసిందే. కొంతదూరం నడిపి ఆపి, తాకకుండా చక్రాల దగ్గర చెయ్యి పెట్టిచూడండి. ఒకటే సెగలు కక్కుతుంటే దాని బ్రేకు పట్టుకుపోయింది. తక్కినవి వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉంటే అది పనిచేయడం లేదు.

తిరుగుప్రయాణంలో చిన్న గేరులోనే దిగండి. కాలినవాసన వస్తే చదునైన చోట బండి ఆపండి. నీళ్ళు మాత్రం పోయవద్దు. కాగిన ఇనుము పగలవచ్చు. ఆ చోటు అనంతగిరి అయితే, చక్రాలు చల్లారేలోగా కాఫీ తాగవచ్చు.