చావిట్లో పద్దెనిమిదేళ్లు నిలబడ్డ యెజ్డీ

ఈసారి పంట గురించి కాదు, పాత బండి గురించి రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే. తీరికున్నప్పుడు చదవండి. మీ చావిట్లో కూడా ఇట్టాంటి బండి ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంటే పనికొస్తుంది.

మా నాయన 1986 సంక్రాంతికి యెజ్డీ రోడ్‌కింగ్ కొన్నాడు. అంతకుముందు రెండేళ్లు పత్తి బాగా పండింది. అప్పట్లో మా పల్నాటి ఊళ్లలో బుల్లెట్టున్నోడు దొర, రాజ్‌దూత్ ఉన్నోడు పాలకేంద్రం మనిషి, యెజ్డీ ఉన్నోడు షోకిలా. రెండు సైలెన్సర్లు, 250 సీసీ టూ స్ట్రోక్ ఇంజను. అది ఊరి పొలిమేరలో ఉండగానే మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. శబ్దం అట్టా తెలిసిపోయేది.

ఇప్పటి పిల్లలకి తెలియని సంగతి ఒకటుంది. ఆ బండికి కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. కిక్కు కొట్టాక అదే రాడ్డుని లోపలికి నొక్కి ముందుకి తిప్పితే గేరు రాడ్డు అవుతుంది. తెలియనోడికిస్తే బండి తీయలేడు. అందుకే మా నాయన తాళం బండికే వదిలేసేవాడు.

చెకోస్లవేకియా జావా కంపెనీ నుంచి పనితనం తెచ్చుకుని మైసూరులో ఐడియల్ జావా వాళ్లు 1961 నుంచి బళ్లు తయారుచేశారు. తర్వాత వాటికే యెజ్డీ అని పేరు పెట్టారు. రోడ్‌కింగ్ 1978లో వచ్చింది. ఫ్యాక్టరీ 1996లో మూతబడింది. 2022లో మళ్లీ యెజ్డీ పేరుతో కొత్త బళ్లొచ్చాయి గానీ అవి ఫోర్ స్ట్రోక్. వాటి సామాను మన పాత బండికి పనికిరాదు.

నాయన 2006 దాకా నడిపాడు. మోకాళ్లు సహకరించక చావిట్లో స్టాండు వేశాడు. 2011లో ఆయన పోయాడు. బండి అట్టాగే ఉంది. కోళ్లు దాని సీటు మీద పడుకునేవి. మేం దాని మీద యూరియా ఖాళీ సంచులు ఆరేసేవాళ్లం.

పోయిన ఏడాది చావిడి రేకులు మార్చాల్సి వచ్చి బండి బయటికి లాగాం. అప్పుడు మొదలైంది ఈ కథ. పాత ఇనుము కొనేవాడు వచ్చి చూసి నాలుగు వేలిస్తానన్నాడు. మా బంధువుల కుర్రాడు ఫొటో తీసి ఎవరికో పంపితే, విజయవాడ నుంచి ఒకాయన ఫోను చేసి ఉన్నది ఉన్నట్టే 48 వేలిస్తానన్నాడు. నాలుగు వేల బండి ఒక్క ఫొటోతో 48 వేలయ్యేసరికి నాకు మతి పోయింది. అంత విలువైందైతే మనమే బాగుచేయించుకుని ఎందుకు ఉంచుకోకూడదు అని బుద్ధి పుట్టింది.

నరసరావుపేటలో పాత యెజ్డీలు తెలిసిన మేస్త్రీ ఒకాయన ఉంటే ట్రాలీ ఆటోలో వేసుకెళ్లా. ఇంజను పట్టేసి ఉంది. ఆయన విప్పి చూసి రాసిచ్చిన లెక్క ఇది. ఎవరికైనా ఉపయోగపడుతుందని ఉన్నదున్నట్టు పెడుతున్నా.

బోరు కొట్టించి కొత్త పిస్టను, రింగులు: 6,500
క్రాంకుకి కనెక్టింగ్ రాడ్డు, బేరింగులు, ఆయిల్ సీళ్లు: 9,000
క్లచ్ ప్లేట్లు, చైను, స్ప్రాకెట్లు: 4,500
కార్బురేటరు, పాయింట్లు, కండెన్సరు, కాయిలు, వైరింగు, బ్యాటరీ: 8,000
టైర్లు, ట్యూబులు, రిమ్ములు, స్పోకులు: 9,000
సైలెన్సర్లు రెండు, క్రోము: 8,500
ట్యాంకు తుప్పు తీయడం, పెయింటు, సీటు: 8,000
మేస్త్రీ కూలి: 8,000

మొత్తం 61,500. మూడు నెలలు పడుతుందన్నాడు. "టూ స్ట్రోక్ బండి కదా, క్రాంకు పక్కన సీళ్లు ఎండిపోతే గాలి లాగుద్ది. సీళ్లు మార్చకుండా స్టార్ట్ చేస్తే మళ్లీ పిస్టన్ పట్టేస్తది. సగం పని చేయమంటే నేను చేయను" అని కూడా చెప్పాడు. ఆ మాట నాకు నచ్చింది. బోరు మోటారు వైండింగు చేసేవాళ్లలో ఇట్టా చెప్పేవాళ్లుంటే మనం ఎంత బాగుపడేవాళ్లమో.

అమ్మాలన్నా బాగుచేయాలన్నా ముందు కాగితాలు కావాలిగా. ఆర్సీ నాయన పేరు మీదే ఉంది. 15 ఏళ్లు నిండాక ఒక్కసారే రెన్యువల్ చేయించాడు, అది 2006తో అయిపోయింది. 2022 ఏప్రిల్‌లో మోటారు సైకిల్ రెన్యువల్ ఫీజు 300 నుంచి వెయ్యి చేశారు, ఆలస్యానికి నెలకి 300 అదనం పెట్టారు. రెన్యువల్‌కి బండిని ఆఫీసుకి తీసుకెళ్లి చూపించాలి. ఓనరు చనిపోతే వారసులు మూడు నెలల్లో ఫారం 31 పెట్టుకోవాలి. మేం పదమూడేళ్లు పెట్టలేదు. పోనీ పాతకాలపు బండి కింద రాయిద్దామంటే, 50 ఏళ్లు దాటితేనే వింటేజ్ అంట. మాది 2036కి గానీ అవ్వదు.

ఏజెంటు కుర్రాడు చివరికి తేల్చింది ఏందంటే, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కావాలి, వారసులందరి సంతకాలు కావాలి. అంటే అమ్మ, నేను, చెల్లెలు, తమ్ముడు.

తమ్ముడితో నాకు ఆరేళ్లుగా మాటల్లేవు.

ఎందుకో చెప్పాలి. మా ఇద్దరికీ ఉమ్మడి బోరు ఉంది. నీళ్ల వంతు దగ్గర మాటామాటా వచ్చింది. అది ఊళ్లో ప్రతి అన్నదమ్ములకీ ఉండేదే. కానీ అప్పుడే వాడు ఫైనాన్స్ మీద సెకండ్ హ్యాండ్ కారు తీశాడు. నేను నలుగురిలో ఒక మాట అన్నా. "నీకు నాయన బుద్ధే వచ్చిందిరా. ఆయన బండి కోసం ఎకరం పోగొట్టాడు, నువ్వు కారు కోసం ఉన్నది పోగొడతావు" అని. వాడు ఆ రోజు నుంచి మా గడప తొక్కలేదు.

ఆ ఎకరం సంగతి ఏందంటే, 1987లో పత్తిని తెల్లదోమ తినేసింది. మా వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. పైరిత్రాయిడ్ మందులు కొట్టిన కొద్దీ దోమ పెరిగేదే తప్ప తగ్గలేదు. కాయ పురుగు చావాలని కొట్టిన మందుకి, దోమని తినే మంచి పురుగులు చచ్చిపోయాయని తర్వాత తెలిసింది. ఆ ఏడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు అదే మందు తాగి చచ్చిపోయారు. మా నాయన పురుగు మందుల కొట్టు బాకీ తీర్చడానికి చెరువు కింద ఎకరం అమ్మాడు. బండి మాత్రం అమ్మలేదు. నాకప్పుడు 19 ఏళ్లు. ఎకరం పోయింది, బండి మిగిలింది, అదే నేను చూసింది. బండి మీద మోజుతో భూమి పోగొట్టాడని అప్పుడే మనసులో రాసుకున్నా. నా పిల్లలకీ అదే చెప్పా. ఆ బండంటే ఇష్టమూ అదే, దాని మీద కోపమూ అదే.

సంతకం కోసం అమ్మ దగ్గర కూర్చుని కాగితం చదివి వినిపిస్తున్నా. మధ్యలో ఊరికే అన్నా, "ఆ రోజే ఈ బండి అమ్మేసి ఉంటే ఎకరం మిగిలేది కదమ్మా" అని.

అమ్మ నా వైపు వింతగా చూసింది. "అమ్మకపోవడమేందిరా? మూడుసార్లు చిలకలూరిపేట తీసుకెళ్లాడు. ఆ ఏడు బండి కొనే మగాడెవడున్నాడు? అందరి ఇళ్లూ ఒకటే ఏడుపు. కొట్టాయన బాకీ కింద పట్టుకుంటానని, పెట్టిన దాంట్లో మూడో వంతు కూడా చెప్పలేదు. అది ఇచ్చినా ఎకరం అమ్మాల్సిందే. మీ నాయన తిరిగొచ్చి చావిట్లో కూర్చుని ఏడ్చాడు. పిల్లలకి చెప్పొద్దన్నాడు" అంది.

నేను కాగితం కింద పెట్టేశా. ముప్పై ఏడేళ్లు నేను చెప్పుకుంటూ వచ్చిన కథ తప్పు. ఒక్కసారి కూడా అమ్మని అడగలేదు. తెలుసనుకున్న దాన్ని ఎవరం అడుగుతాం?

చెల్లెలికి ఫోను చేశా. తను టీచరుగా చేస్తుంది. మా ఊరికి అప్పట్లో పొద్దుటి బస్సు లేదు. 1989 నుంచి రెండేళ్లు నాయన ఆ బండి వెనకాల కూర్చోబెట్టుకుని నరసరావుపేట కాలేజీలో దింపి వచ్చేవాడు. బండి అమ్మొద్దు అనేది ఎవరైనా ఉంటే అది తనే అనుకున్నా. తనేమో "అమ్మేయన్నయ్యా. ఎవరు నడుపుతారు దాన్ని? నీ మోకాలికి కిక్కు కొట్టగలవా? నాయన ఉంటే ఎప్పుడో అమ్మేసి మిరప తోటకి పెట్టేవాడు. సంతకానికి ఆదివారం వస్తా" అంది. కాసేపాగి, "చలికాలంలో నన్ను వెనక కూర్చోబెట్టుకుని తను మాత్రం ఉత్త చొక్కాతో నడిపేవాడు. దుప్పటి నాకు కప్పేవాడు. అది నాకు గుర్తుంది చాల్లే" అంది.

ఇక మిగిలింది తమ్ముడు. ఎవరి చేతనైనా కాగితం పంపొచ్చు. మా ఇంటామె అదే చెప్పింది. కానీ ఆ మాట నేనన్నది నలుగురిలో, నోటితో. కాగితంతో పోయేది కాదు. సాయంత్రం గొడ్లకి మేత వేసే వేళకి వెళ్లా. వాడు చూసి మేత వేస్తూనే ఉన్నాడు. అమ్మ చెప్పింది మొత్తం చెప్పా. "నాయన గురించి నేనన్నది తప్పురా. నీ గురించి అన్నదీ తప్పే" అన్నా.

వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చేతులు కడుక్కొచ్చి "సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నాడు. పెట్టాడు. కాఫీ తాగమని వాళ్లావిడ అంటే తాగొచ్చా. అంతే జరిగింది. సినిమాలో లాగా కౌగిలించుకోలేదు. బోరు వంతు సంగతి ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

ఇంటికొచ్చి పడుకుని ఆలోచించా. 61,500 పెట్టి బండి బాగుచేయాలని నాకెందుకనిపించింది? నడపడానికా? కాదు. మిరప రేటు పడిపోయిన ఏడాది, మోటారు కాలిపోయి ఉంది, డ్రిప్పు పైపులు మార్చాలి. అప్పు చేసి క్రోము పూయించి చావిట్లో నిలబెడితే ఎవరిని చూసుకోవడానికి? నాయన విషయంలో ఏదో బాకీ ఉందని లోపల ఉన్నట్టుంది. అది పిస్టన్ మారిస్తే తీరే బాకీ కాదు. తీర్చాల్సింది తమ్ముడి చావిట్లో తీర్చా. పైగా నడపని టూ స్ట్రోక్ బండి ఎంత బాగుచేయించినా మళ్లీ పట్టేస్తది. దాన్ని వారానికొకసారైనా తిప్పేవాడి దగ్గరుంటేనే అది బండి.

అందుకని అమ్మేశా. విజయవాడ ఆయన 40 వేలు ముందిచ్చాడు. ఆయనే ఇంజను కట్టించి, ఆఫీసులో చూపించి, రెన్యువలూ పేరు మార్పూ అయ్యాక మిగతా 8 వేలు ఇచ్చేట్టు రాసుకున్నాం. సంతకాలకి నేను రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. బండి అప్పజెప్పిన తేదీ, టైముతో సహా కాగితం మీద రాయించా. పేరు మారకుండా బండి ఇచ్చేస్తే, రేపు ఏదైనా ప్రమాదం జరిగినప్పుడు ఆర్సీలో పేరున్నోడి మీదకే నష్టపరిహారం వస్తుంది. ఈ మాట మాత్రం మర్చిపోకండి.

బండి ఎక్కించే రోజు తమ్ముడు వచ్చాడు. పిలవలేదు. చేతిలో పాత ప్లగ్గు పానా ఉంది. "ఇది మా ఇంట్లో ఉండిపోయింది. బండితో వచ్చిన పానా" అని పక్క డబ్బాలో పెట్టాడు. కిక్కు రాడ్డు లోపలికి నొక్కి గేరులోకి ఎట్టా తిప్పాలో కొన్నాయనకి వాడే చూపించాడు. ఆయనకి ముందే తెలుసని నాకు తెలుసు. ఆయన తెలియనట్టే విన్నాడు. మంచి మనిషి.

డబ్బు నాలుగు భాగాలు, తలా 12 వేలు. నాది మోటారు వైండింగుకి, స్టార్టరుకి పోయింది. అమ్మ తన వాటా రెండుసార్లు లెక్కపెట్టుకుని బీరువాలో పెట్టింది. దేనికో చెప్పలేదు.

నాలుగు నెలల తర్వాత ఆయన వీడియో పంపాడు. ఒక కిక్కుకే లేచింది. అమ్మకి ఫోను చెవి దగ్గర పెట్టా. విని "పొగ ఇంకా అట్టాగే వస్తుందా?" అంది. వస్తుందన్నా. "వస్తదిలే, ఆయిలు ఎక్కువ పోస్తారు" అని లోపలికి పోయింది.

మీకు చెప్పేది ఇంతే. చావిట్లో పాత బండి ఉంటే పెట్రోలు దింపేయండి, సైలెన్సరు మూతికి గుడ్డ కట్టండి, ప్లగ్గు తీసి రెండు చుక్కలు ఆయిలేసి నెలకోసారి కిక్కు తిప్పండి. పెద్దాయన ఉండగానే ఆర్సీలో నామినీ పేరు రాయించండి. అమ్మాలా ఉంచాలా అనేది మీ ఇష్టం. కానీ ఏది చేసినా ముందు ఆ బండి కథ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. మీకు తెలిసిన కథే నిజమని అనుకోకండి.

మీ చావిళ్లలో ఏమున్నాయో కింద రాయండి. చదువుతా.