ముంపులో ఓర్పు

వరి నీళ్ళలో నిలబడి పెరిగే పంట. అయినా తల మునిగితే బతకదు. బరంపురం చుట్టుపక్కల పల్లపు పొలాలున్న వాళ్ళకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. మా నాన్నగారికి అలాంటి పల్లంలో ఎకరంన్నర ఉండేది. వరద నాలుగు రోజుల్లో తీస్తే చేను దక్కేది. వారం దాటి నిలిచిందా, బురదలో ఒరిగిపోయి కుళ్ళువాసన వేసేది. "ఊపిరాడక పోయిందిరా" అనేవారాయన. ఆ మాటలో సగం నిజముంది. బడిలో సైన్సు పాఠాలు చెప్పి రిటైరయ్యాక తీరిగ్గా చదివిన వాటిలో నన్ను బాగా పట్టుకున్నది ఆ మిగతా సగమే.

మొక్కకు నరాలు లేవు. ఒకచోట కలిగిన కష్టం మరోచోటికి తెలియాలంటే ఎక్కువగా రసాయనాలే కబురు మోయాలి. నేలలో తడి ఆరితే ఆబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది, ఆకుల్లోని సన్న రంధ్రాలు మూసుకుంటాయి, ఉన్న నీరు ఆవిరైపోకుండా ఆగుతుంది. ముంపు కబురు మోసేది ఇథిలీన్ అనే వాయువు. గడ్డిలో మామిడికాయలు మాగవేసే ప్రతి ఇల్లాలికీ, పేరు తెలియకపోయినా, దీని పని తెలుసు. ఒక కాయ పండితే దాని నుంచి వచ్చే ఇథిలీన్ పక్క కాయల్ని కూడా పండిస్తుంది.

వరి మొక్కలో ఇది ఎప్పుడూ కొద్దికొద్దిగా తయారవుతూనే ఉంటుంది. మామూలు రోజుల్లో గాలిలో కలిసిపోతుంది. నీటిలో వాయువులు వ్యాపించే వేగం గాలిలో కన్నా దాదాపు 10,000 రెట్లు తక్కువ. కాబట్టి మొక్క మునగగానే ఇథిలీన్ బయటికి పోయే దారిలేక లోపలే పోగుపడుతుంది. మునిగిన సంగతి మొక్కకు అలా తెలుస్తుంది.

కబురు అందరికీ ఒకటే. విన్నాక ఏం చేస్తారన్న దగ్గరే తేడా వస్తుంది. మామూలు వరిలో ఇథిలీన్ పెరిగితే ఆబ్సిసిక్ ఆమ్లం తగ్గి, జిబ్బరెలిన్ అనే పెరుగుదల హార్మోను జోరందుకుంటుంది. ఆకులు గబగబా పైకి సాగుతాయి. లోతు తక్కువైతే తల బయటపడుతుంది, గండం గడుస్తుంది. లోతు ఎక్కువైతే బురదనీటిలో వెలుతురు చాలదు, కొత్త ఆహారం సరిగా తయారవదు, దాచుకున్న పిండిపదార్థమంతా ఆ సాగడానికే ఖర్చయిపోతుంది. నీరు తీసేసరికి నిలబడే సత్తువ ఉండదు. అంటే మా చేను ఊపిరాడక మాత్రమే పోలేదు. పైకి అందుకోవాలని ఉన్నదంతా ఖర్చుపెట్టుకుని పోయింది.

బంగ్లాదేశ్, థాయ్‌లాండ్ వంటి చోట్ల నెలల తరబడి నీరు నిలిచే పొలాల్లో పండే లోతునీటి వరికి ఆ సాగడమే ప్రాణం. అది రోజుకు 20 నుంచి 25 సెంటీమీటర్లు కూడా పెరగగలదు. దానికి కారణమైన జన్యువులను 2009లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించి, "స్నార్కెల్" అని పేరు పెట్టారు.

మా ఒడిశాలో ధలపుటియా అనే నాటు వరి పద్ధతి వేరు. దాని నుంచి ఏరి తీసిన రకమే ఎఫ్‌ఆర్ 13ఏ. ముంపులో ఇథిలీన్ పెరగగానే ఇందులో సబ్-1ఏ అనే జన్యువు మేల్కొని జిబ్బరెలిన్ జోరుకు కళ్ళెం వేస్తుంది. మొక్క సాగడం మానేసి, ఉన్నది పొదుపు చేసుకుని, ఇంచుమించు రెండు వారాలు ఓపిక పడుతుంది. నీరు తీశాక మళ్ళీ చిగురిస్తుంది. ఈ గుణం తొమ్మిదో క్రోమోజోములో ఉందని 1996లో తేలింది. ఆ జన్యువేదో 2006లో తెలిసింది.

ఇక్కడ మన తెలుగువారి ప్రస్తావన వస్తుంది. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో విడుదలైన స్వర్ణ వరి ఒడిశా రైతులకు ఎంతో ఇష్టమైంది. దిగుబడికి తిరుగులేదు గాని పొట్టి పైరు, ముంపుకు ఆగదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారు సంకరం చేసి, ప్రతి తరంలోనూ ఏరుతూ, ధలపుటియా నుంచి వచ్చిన ఆ ఒక్క గుణాన్ని స్వర్ణలోకి తెచ్చారు. స్వర్ణ-సబ్1 పేరుతో అది 2009లో మన దేశంలో విడుదలైంది. తెలుగింటికి వచ్చిన ఒడియా కోడలు ఇంటిని వరద నుంచి కాపాడిందని మా మిత్రులతో అంటూ ఉంటాను.

నవ్వులాటకు అన్నా, అసలు లాభం ఎవరికన్నది చూడాలి. ఒడిశా పల్లెల్లో జరిపి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, పది రోజులు మునిగిన పొలాల్లో ఈ రకం స్వర్ణ కన్నా దాదాపు 45 శాతం ఎక్కువ పండింది. ముంపుకు గురయ్యే పల్లపు భూములు ఎక్కువగా ఉన్నది షెడ్యూల్డ్ కులాల వారి చేతుల్లోనేనని కూడా అందులో తేలింది. మెరక ఒకరికీ పల్లం మరొకరికీ దక్కడం వెనక పెద్ద చరిత్రే ఉంది. విత్తనం దాన్ని మార్చలేదు. ఆ ఇంట్లో ఆ ఏటి తిండిగింజలు మాత్రం నిలబెట్టగలదు.

1936లో ఒడిశా వేరు రాష్ట్రమైన నాటి నుంచి ఇక్కడి మన సభల్లో "తెలుగు మునిగిపోతోంది" అన్న మాట వినిపిస్తూనే ఉంది. ఓపిక పడితే గట్టెక్కుతామని కొందరంటారు. వరిని చూస్తే నాకు అంత ధైర్యం కలగదు. సబ్-1ఏ ఓర్పు కొద్ది రోజుల ముంపుకే. నీరు తీయకపోతే అదీ చచ్చిపోతుంది. మన చుట్టూ ఉన్న నీరు తీసేది కాదు, తీయాలని కోరుకోవలసిందీ కాదు. ఒడియా మా పిల్లల అన్నం భాష.

అందుకే నా మనసు ఆ జన్యువు దగ్గర కన్నా, దాన్ని మనదాకా తెచ్చిన రైతుల దగ్గర ఎక్కువ ఆగుతుంది. ధలపుటియా గొప్పతనం ఏ పుస్తకంలోనూ లేని రోజుల్లో, ఇథిలీన్ పేరు వినకుండానే, వాళ్ళు దాన్ని తరతరాలుగా పల్లంలో చల్లుతూ వచ్చారు. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. గాదెలో దాచి ఊరుకుంటే విత్తనం మొలక చచ్చిపోతుంది. వాళ్ళు ఏటేటా చల్లారు గనకనే అది మిగిలింది.