గోదారి గట్టున చేపల కూర

సంక్రాంతి సెలవులు అయిపోయి అందరం హాస్టలుకి వచ్చాం. వచ్చిన రోజు రాత్రి "ఇంటి దగ్గర ఏం తిన్నావురా?" అని మన గదిలో అందరూ అడిగారు. నేను అరిసెలు అని చెప్పి దుప్పటి కప్పుకున్నాను. ఇంకొకటి కూడా తిన్నాను గానీ, దాని గురించి చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పాలి. అందుకని చెప్పలేదు. ఇప్పుడు గోడ పత్రికకి రాస్తున్నాను.

మా తాతకి డిసెంబరులో ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ చేశారు. మళ్లీ ఒకసారి చూపించడానికి పండక్కి నాలుగు రోజుల ముందు రాజమండ్రి వెళ్లాం. పండగ బట్టలు కూడా కొనాలని నాయన, అమ్మ, చెల్లి, నేను అందరం బయలుదేరాం. బస్సులో అమ్మకీ చెల్లికీ టికెట్టు లేదు. దారంతా మంచు. తాత నల్లకళ్లద్దాలు పెట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు.

కన్ను బాగుందని డాక్టరు చెప్పాడు. నాయనకి సంతోషం వేసింది. "తాతకి చేపలంటే ప్రాణం కదా, ఈ పూట హోటల్లో తిందాం. చెల్లికి ఆనకట్ట కూడా చూపిద్దాం" అని ధవళేశ్వరం తీసుకెళ్లాడు. మన సోషల్ పుస్తకంలో ఉన్న కాటన్ దొర ఆనకట్ట ఇక్కడే కట్టారు. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశారు. ఇప్పుడు మనం చూసేది ఆ తర్వాత కట్టిన బ్యారేజీ.

గట్టు మీద రేకుల షెడ్డు హోటలు. కుర్చీలో కూర్చుంటే గోదారి కనపడుతుంది. చలికాలం కదా, నీళ్లు తేటగా ఉన్నాయి. రొయ్యల వేపుడు, పీతల ఇగురు, చందువ, వంజరం, చేపల పులుసు అని పలక మీద సుద్దతో రాసి ఉంది. నేను గట్టిగా చదివి వినిపించాను. నాయన జేబు తడుముకుని, మూడు చేపల పులుసు భోజనాలు చెప్పాడు. అయిదుగురం సర్దుకోవాలి. చెల్లి పీత కావాలని ఏడిస్తే ఒక పీతల ఇగురు కూడా చెప్పాడు.

పులుసు రాగానే తాత ముక్క పట్టుకుని చూసి, సర్వర్ని గట్టిగా పిలిచాడు.

"ఏ మడుగులో పడిందయ్యా ఈ చేప?"

"మడుగేంటి తాతా? ఇది చెరువు చేప. భీమవరం వైపు నుంచి ఐసు పెట్టెలో వస్తుంది."

"ఎదురుగా గోదారిని పెట్టుకుని చెరువు చేపా!" అని తాత ఇంకా గట్టిగా అన్నాడు. పక్క బల్ల వాళ్లు నవ్వారు. అందులో నా వయసు అబ్బాయి ఒకడు బూట్లు వేసుకుని ఉన్నాడు. వాడు కూడా నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "తాతా, ఊరుకో. అందరూ చూస్తున్నారు" అన్నాను. అమ్మ నా వైపు చూసింది గానీ ఏమీ అనలేదు. తాత ఊరుకున్నాడు.

ఆ తర్వాత తాత ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నల్లకళ్లద్దాలు తియ్యకుండానే ముళ్లు తీసి చెల్లి ఆకులో వేశాడు. ఒక్క ముల్లు కూడా మిగల్లేదు. "కనపడుతోందా తాతా?" అని చెల్లి అడిగితే "ముల్లు కంటికి కాదే, వేలికి తెలుస్తుంది" అన్నాడు, అదీ మెల్లగా.

మా ఊరు పాపికొండల దగ్గర గోదారి ఒడ్డున ఉండేది. పోలవరం ముంపులో పోయింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది కదా, అప్పుడు నేను ఐదో తరగతి. మేము కొండెక్కి గుడారాల్లో ఉన్నాం. తర్వాత కాలనీకి వచ్చేశాం. కాలనీలో పక్కా ఇల్లు, కరెంటు, రోడ్డు అన్నీ ఉన్నాయి. గోదారి మాత్రం దూరం. ఊళ్లో ఉన్నప్పుడు తాత పొద్దుగూకే వేళ దోనె మీద వెళ్లి వల వేసి, తెల్లారుజామున మంచులో వెళ్లి తీసేవాడు. అడ్డాకులో చుట్టి నిప్పుల్లో కాల్చిన చేప మాకు చలికాలం చద్దన్నంలోకి ఉండేది. మేము చేప కొనుక్కుని తినడం తాతకి ఇదే మొదటిసారని నాకు ఆ బల్ల దగ్గర తట్టలేదు.

భోజనం అయ్యాక తాత చెయ్యి కడగడానికి పంపు దగ్గరకి వెళ్లలేదు. మెట్లు దిగి గోదారి దగ్గరకి వెళ్లాడు. జారిపడతాడని నాయన నన్ను తోడు పంపాడు. చేతులు కడుక్కుని, మొహం మీద నీళ్లు పడకూడదని డాక్టరు చెప్పాడు కదా, తడిచెయ్యి గుండె మీద రాసుకున్నాడు. అప్పుడు నన్ను అడిగాడు.

"ఒరేయ్, హోటల్లో గట్టిగా మాట్లాడేనా?"

నేను జవాబు చెప్పలేదు.

"దోనె మీంచి మెల్లగా మాట్లాడితే అవతలి ఒడ్డుకి వినపడదురా. అలవాటైపోయింది" అన్నాడు.

ఆయన కోపంగా అనలేదు. తప్పు తనదే అన్నట్టు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నీళ్లలోకి చూస్తూ నిలబడ్డాను. "తాతా, మన మడుగులో ఏమేం చేపలు పడేవి?" అని అడిగాను. ముందు మెల్లగా మొదలుపెట్టాడు. వాలుగ, కొరమీను, జెల్ల, బొమ్మిడాయి... ఏది రాయి కింద ఉంటుందో, ఏది బురదలో ఉంటుందో చెప్తూ చెప్తూ మళ్లీ ఎప్పటిలాగే గట్టిగా చెప్పాడు. మెట్ల మీద వాళ్లు తిరిగి చూశారు. ఈసారి నేను ఊరుకోమనలేదు.

మిత్రులారా, తాత చెప్పిన చేపల పేర్లు లెక్కల నోటు పుస్తకం వెనక రాసుకున్నాను. పద్నాలుగు అయ్యాయి. మనలో ఏటి ఒడ్డు ఊళ్లవాళ్లు చాలామంది ఉన్నారు. మీ తాతలు చెప్పిన పేర్లు ఈ కాగితం కింద ఖాళీలో పెన్సిలుతో రాయండి. వార్డెన్ సారు ఈ కాగితం వచ్చే నెల వరకు తియ్యనని చెప్పారు.

— 8వ తరగతి విద్యార్థి