వలందపాలెం నుండి సరాయ్ జులేనా వరకు

ఉద్యోగరీత్యా ఢిల్లీ చేరిన మా కుటుంబానికి స్వస్థలం మచిలీపట్నం. ఆ పట్టణంలో వలందపాలెం అనే పేట ఉన్నది. హాలెండు దేశీయులను మన పూర్వులు ‘వలందావారు’ అనేవారు. 17వ శతాబ్ది తొలి దశకంలో అక్కడ వర్తకస్థావరం నెలకొల్పిన డచ్చివారి జ్ఞాపకం ఆ పేరులో నిలిచింది. “వాళ్ళ పిల్లలు ఏమయ్యారు?” అని మా అమ్మాయి వేసిన ప్రశ్నయే ఈ చిన్న యాత్రకు కారణము.

ఒక ఆదివారం ఓఖ్లా మార్గంలోని సరాయ్ జులేనాకు వెళ్ళాము. మొగలు కొలువులో పలుకుబడి గల పోర్చుగీసు వనిత జులియానా పేరిట వెలసిన చోటు అది. నేడు అక్కడ ఇరుకు సందులు, అద్దె గదుల బోర్డులు, తలపై విద్యుత్ తీగల అల్లిక మాత్రమే మాకు కనిపించాయి. 1711లో సూరతు నుండి బయలుదేరిన డచ్చి రాయబారి కెటెలార్ లాహోరులో బహదూర్ షాను దర్శించాడు. 1712లో చక్రవర్తి మరణించగా, కొత్త పాదుషా జహందార్ షా కొలువును అనుసరించి ఢిల్లీ వచ్చాడు. ఆ రాయబారానికి దర్బారులో అండగా నిలిచినది ఈ జులియానాయే. హిందుస్తానీ భాషకు తొలి వ్యాకరణం వ్రాసిన ఘనత ఆ కెటెలార్‌దే.

మరునాడు జనపథ్‌లోని జాతీయ అభిలేఖాగారాన్ని చూశాము. లుట్యెన్స్ రూపకల్పనలో 1926లో పూర్తయిన భవనమది. డచ్చి కుటుంబాల జాడ మాత్రం ఒక్కచోట దొరకదు. కొచ్చిన్ డచ్చి పత్రాలు చెన్నైలో ఉన్నాయి. కంపెనీ జీతాల పుస్తకాలు హేగ్ నగరంలో ఉన్నాయి. ఓడ పేరు, నావికుని స్వగ్రామం, జమాఖర్చులు, కొలువు ముగిసిన తేదీ వాటిలో నమోదయ్యాయి. మచిలీపట్నం, భీమునిపట్నం సమాధుల వివరాలను అలెగ్జాండర్ రీ 1897లో గ్రంథస్థం చేశాడు.

అయితే జీతాల పుస్తకంలో జీతగాడే ఉంటాడు. అతడు ఇక్కడ పెండ్లాడిన స్త్రీకి అందులో ఖాతా లేదు. జ్ఞానస్నానంతో ఆమె పేరు మారితే పుట్టింటి జాడ కూడా చెరిగిపోతుంది. 1825లో డచ్చివారు ఈ తీరపు స్థావరాలను ఆంగ్లేయులకు అప్పగించి వెళ్ళారు. ఇక్కడ మిగిలిన సంతతికి అమ్మమ్మల వైపు వెదకే దారి మూసుకుపోయింది.

తిరుగు ప్రయాణంలో మెట్రోలో అమ్మాయి మళ్ళీ అడిగింది: “మన నాయనమ్మ వాళ్ళ అమ్మమ్మ పేరేమిటి?” మేము తెల్లబోయాము. తద్దినం నాడు మూడు తరాల పేర్లు చెప్పుకునే ఇంట్లో ఆ పేరు ఎవరికీ తెలియదు! ఆ రాత్రి బందరులోని మా పెద్దమ్మకు ఫోను చేశాము. ఎనభై దాటిన ఆమె తడుముకోకుండా పేరు, ఊరు, ఇంటిపేరు చెప్పి, “ఇన్నాళ్ళకు అడిగారర్రా!” అన్నది. అమ్మాయి నోటుపుస్తకంలో మొదటి పుటలో వ్రాసుకున్నది ఆ పేరే.

బదిలీలపై ఊరూరా తిరిగే మన ఉద్యోగ కుటుంబాలకు మా విన్నపం ఒక్కటే. పెద్దలు పలుకగలిగినప్పుడే అడిగి వ్రాసుకొనండి. మన అమ్మమ్మల పేర్లు ఏ అభిలేఖాగారంలోనూ దొరకవు.